బ్రేకులకూ వర్జ్యం ఉంటుంది

సినిమా ఫీల్డులో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యానని చెప్పగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఏ హీరోకి?" అని. హీరోకి కాదు, జనరేటర్‌కి అంటే ముఖాలు వాడిపోతాయి. ఆ జనరేటర్ లేకపోతే లైటు వెలగదు, లైటు వెలగకపోతే మీ హీరో ముఖం మీకు కనిపించదు అని చెప్పబోతాను. అప్పటికే వాళ్లు వేరే మాటలో పడిపోయి ఉంటారు.

మాది బోరబండ. కొత్తలో కంకర లారీ నడిపాను. తర్వాత ఫిల్మ్ నగర్‌లో ఒక ఔట్‌డోర్ యూనిట్‌లో చేరాను. షూటింగులకు లైట్లు, క్రేన్లు, జనరేటర్లు కిరాయికిచ్చే సంస్థను అలా అంటారు. ఇంత బరువున్న సరంజామాను కొండల మీదికి ఎక్కించడం, దించడం నా పని. సినిమా వాళ్లకు పాట పుట్టిందంటే కొండ గుర్తొస్తుంది. ఫైటు పుట్టిందంటే లోయ గుర్తొస్తుంది. కాబట్టి నా ఉద్యోగానికి ఎప్పుడూ ఢోకా రాలేదు.

ఈ మధ్య యూనిట్‌లో కొత్తగా చేరిన డ్రైవర్లు కొందరు ఘాట్ రోడ్డులో బరువు బండిని ఎలా దించాలో చెప్పమన్నారు. ఫోన్లో వీడియోలు చూశారట. నేనూ చూశాను, బాగున్నాయి. గేరు గురించి ఉంది, బ్రేకు గురించి ఉంది. పక్క సీట్లో కూర్చుని వాచీ చూసుకునే ప్రొడక్షన్ మేనేజర్ ఒక్కడే లేడు. ఆ కొరత తీరుద్దామని ఇది రాస్తున్నాను.

దిగడం సంగతి

కొండ ఎక్కేటప్పుడు బండిని నడిపేది ఇంజను. దానికి దమ్ము చాలకపోతే ఆగిపోతుంది, మనం దిగి తిట్టుకుంటాం, అంతే. దిగేటప్పుడు బండిని నడిపేది దాని బరువే. డ్రైవర్ చెయ్యగలిగింది ఆ బరువును బతిమాలుతూ, మందలిస్తూ కిందికి తీసుకురావడం.

వాలు మొదలు కాకముందే, పైన సమంగా ఉన్న చోటే చిన్న గేరులో వేసుకోండి. మధ్యలో మార్చుకుందాంలే అనుకోవద్దు. వేగం ఎక్కిన బండి చిన్న గేరును పుచ్చుకోదు. పెద్ద గేరు నుంచి తీసింది కాస్తా న్యూట్రల్‌లో వేలాడుతుంది, అప్పుడు మీ చేతిలో మిగిలేది స్టీరింగు, దేవుడి పేరు. బండిని పట్టి ఉంచాల్సింది ఇంజను. బ్రేకు దానికి సాయం. వేగం పెరిగిందనిపిస్తే ఒక్కసారి గట్టిగా తొక్కి, తగ్గాక పూర్తిగా వదిలెయ్యాలి. భయంతో కాలు అలాగే ఆనించి దిగితే చక్రాల లోపలి డ్రమ్ములు కాలతాయి, వాటిని పట్టి ఆపే లైనర్లు మాడతాయి. ఆ తర్వాత ఎంత తొక్కినా బండి మాట వినదు. మాడిన వాసన వస్తే బండి మీతో చెబుతోందని అర్థం. పొగ వస్తే అరుస్తోందని అర్థం. అప్పుడు ఆపడం, చల్లారేదాకా ఆగడం తప్ప వేరే వైద్యం లేదు.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. నాకు సర్వీసంతా పట్టింది మాత్రం ఆ చివరి ముక్క నేర్చుకోవడానికే. ఆగడం ఎలాగో బండికి నేర్పక్కర్లేదు. యూనిట్‌ను ఒప్పించడం నేర్చుకోవాలి.

డేవిడ్ రాజు అన్న

నాకు ఘాట్ నేర్పినవాడు డేవిడ్ రాజు అన్న. రాజమండ్రి వైపు మనిషి. ఆదివారం షూటింగ్ ఉంటే ముఖం మాడ్చుకునేవాడు, ఆ పూట చర్చి తప్పుతుందని. ఏ ఘాట్ అయినా దిగేముందు పైన బండి ఆపి ప్రార్థన చేసుకునేవాడు. అంతకన్నా ముందు హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, నాతో చక్రాల కింద రాళ్లు పెట్టించేవాడు. అవి కదలకుండా ఉన్నాయో లేదో తనే దిగి కాలితో తన్ని చూసి, అప్పుడు కళ్లు మూసుకునేవాడు.

"ఏందన్నా, దేవుని మీద గింతేనా నమ్మకం?" అని ఒకసారి ఎగతాళి చేశాను.

"దేవుడి మీద బోలెడుందిరా. హ్యాండ్ బ్రేకు మీదే లేదు" అన్నాడు.

ఒకసారి మారేడుమిల్లి ఘాట్‌లో జనరేటర్ వ్యాను దించుతున్నాం. అన్న నడుపుతున్నాడు, నేను కిటికీ వైపు, మధ్యలో ప్రొడక్షన్ మేనేజర్ ప్రసాద్ గారు. ప్రసాద్ గారు మంచి మనిషే. షూటింగ్ ఆలస్యమైతే మాత్రం సొంత ఇల్లు తగలబడుతున్నట్టు కంగారుపడేవారు. నిర్మాత డబ్బుకు ఆయన పడే తాపత్రయం నిర్మాత కూడా పడేవాడు కాదు.

"డేవిడ్ గారూ, దిగుడే కదండీ. న్యూట్రల్‌లో వదిలేస్తే డీజిల్ కలిసొస్తుంది కదా?" అన్నారు.

"కలిసొస్తుందండీ. ఆ డీజిలు ఇంక బండికీ అక్కర్లేదు, మనకీ అక్కర్లేదు" అన్నాడు అన్న, రోడ్డు మీంచి చూపు తియ్యకుండా. ప్రసాద్ గారికి అది అర్థం కావడానికి రెండు మలుపులు పట్టింది.

కొంతదూరం పోయాక మా ముందు ఒక బస్సు తగిలింది. అది ప్రతి మలుపులోనూ ఆగుతుంది, దాని వెనక మేం ఆగుతాం. అలా పదే పదే ఆపేసరికి బ్రేకులు వేడెక్కి వాసన మొదలైంది. రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్న చోట అన్న బండి పక్కకు తీసి ఆపేశాడు.

"ఆపారేంటండీ? అక్కడ హీరోగారు వచ్చేసుంటారు" అన్నారు ప్రసాద్ గారు.

"బ్రేకులు చల్లారాలండీ."

"దారిలో గాలికి చల్లారతాయిలెండి. పోనివ్వండి, పోనివ్వండి."

అన్న స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కాసేపు ఆకాశం వైపు చూశాడు. "పోనిస్తానండీ. నాదేం పోయింది. కాకపోతే ఇప్పుడే వర్జ్యం తగిలింది. కొత్త షెడ్యూలు కదా, వర్జ్యంలో జనరేటర్ దించమంటే దించేస్తాను."

ప్రసాద్ గారు నన్ను తోసుకుని మరీ బండి దిగారు. వచ్చీ పోయే ఫోను సిగ్నలు కోసం గట్టెక్కి, కింద లొకేషన్‌కు ఫోన్ చేసి, వర్జ్యం దాటేదాకా ఒక్క పెట్టె కూడా దించొద్దని, హీరోగారిని కూడా కారు దిగనివ్వొద్దని చెప్పారు. కొండ కింద అంత పెద్ద హీరో కార్లో బుద్ధిగా కూర్చున్నాడు. కొండ మీద మా బ్రేకులు బుద్ధిగా చల్లారాయి.

ప్రసాద్ గారు దూరంగా ఉన్నప్పుడు అడిగాను, "అన్నా, నువ్వు చర్చికి పోయేటోనివి, నీకు వర్జ్యమేంది?"

"నాకు లేదురా. బ్రేకులకి ఉంది" అన్నాడు.

నవ్వకండి. ముహూర్తం చూడకుండా కొబ్బరికాయ కొట్టని చోట పనిచేశాం మేం. రాశి కుదరలేదని టైటిలు మార్చుకుంటారు, ఆఖరి రోజున గుమ్మడికాయ కొట్టనిదే ఇంటికి పోరు. నాకు వాటి మీద వెటకారం లేదు, నేనూ చేతికి తాయెత్తు కట్టుకున్నవాణ్ణే. మనుషులు దేనికి ఆగుతారో డేవిడ్ రాజు అన్న కనిపెట్టాడు. బ్రేకు మాడిపోయిందంటే ఎవరూ ఆగలేదు.

జూబ్లీహిల్స్‌లో ఘాట్ రోడ్డు

కొత్త డ్రైవర్లు ఘాట్ అంటే అరకు, శ్రీశైలం అనుకుంటారు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టిన దిగుడు జూబ్లీహిల్స్‌లో ఉంది. రెండు వైపులా బంగళాలు, కుక్కలను వాకింగ్‌కు తిప్పే మనుషులు. వాలు మాత్రం నిటారు. పొడుగు తక్కువ కాబట్టి ఎవరూ దాన్ని లెక్కచెయ్యరు.

ఒక సినిమాలో హీరో నడిపే లారీకి ఘాట్ రోడ్డులో బ్రేకులు ఫెయిలవుతాయి. డైరెక్టర్ కొత్తవాడు, నెమ్మదైన మనిషి, అందరినీ "గారు" అనే పిలిచేవాడు. ఆయన అరకు అడిగాడు. అప్పటికి పెద్ద మేనేజర్ అయిపోయిన మన ప్రసాద్ గారు ఆయన్ను కారెక్కించుకుని తీసుకొచ్చి ఈ వాలు చూపించారు. మిగతా అరకు ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు తెచ్చి పెట్టారు. బంగళా గోడలకు అడ్డంగా థర్మకోల్ కొండ లేచింది. రెండో వైపు నలుపు పసుపు చారలతో ప్లైవుడ్ పిట్టగోడ కట్టారు. కుండీల్లో అడవి పెరిగింది. వాన సీను కూడా ఉంటుందేమోనని నీళ్ల ట్యాంకరు తెచ్చి నిలబెట్టారు.

లారీ నడపాల్సింది నేను. హీరో చొక్కా నాకు తొడిగారు, బొత్తాలు పెట్టుకుంటే ఊపిరాడలేదు. లారీలో లోడు మాత్రం నిజం గ్రానైట్ రాళ్లు. బరువుకు లారీ వెనక భాగం కుంగినట్టు కనబడాలని డైరెక్టర్ కోరిక. కొండ అబద్ధం, గోడ అబద్ధం, అడవి అబద్ధం, బరువొక్కటే నిజం. నాకు అదే దిగులు పట్టుకుంది. నిజమైన ఘాట్‌లో బ్రేకు పోతే ఆఖరి ఉపాయం ఒకటుంటుంది. లోయ వైపు పోకుండా కొండకు రాసుకుంటూ పోతే బండి నుజ్జయినా మనుషులు మిగులుతారు. ఇక్కడ నా కొండను నలుగురు మోసుకొచ్చి పెట్టారు.

వాలు అడుగున రోడ్డు మీద తెల్లటి టేపు అంటించారు. లారీ దూసుకొచ్చి ఆ గుర్తు దగ్గర ఆగాలి. దానికి కాస్త అవతల, నేలకు ఆనించినట్టు కెమెరా. కెమెరా పక్కన మఠం వేసుకుని కూర్చున్నది నరసింహ. లారీ దగ్గరికొచ్చే కొద్దీ బొమ్మ మసకబారకుండా ఫోకస్ సరిచెయ్యడం అతని పని. మా బోరబండ వాడే, మా వీధి చివర ఇల్లు. పొద్దున్నుంచీ ఒకటే పాట.

"అన్నా, సాయంత్రం మా బిడ్డ స్కూల్ల డాన్సు చేస్తది. జల్దీ ఓకే చేయించన్నా, నీ పుణ్యముంటది."

అద్భుతమైన పొగ

చిన్న గేరులో దిగితే లారీ ఎడ్లబండిలా కనిపిస్తోందన్నారు. వేగం కావాలన్నారు. కాబట్టి పెద్ద గేరులో దూసుకురావడం, అడుగున బ్రేకు తొక్కి ఆపడం. చెయ్యకూడదని పైన రాసిందంతా వరసపెట్టి చేశాను. బ్రేకులు ఫెయిలైనట్టు చూపించాలంటే బ్రేకులు దివ్యంగా ఉండాలి. పొద్దున అవి దివ్యంగానే ఉన్నాయి.

ఒకసారి మబ్బు అడ్డమొచ్చింది. ఒకసారి కుక్క అడ్డమొచ్చింది. ఒకసారి అంతా కుదిరింది, అందుకని ఎందుకైనా మంచిదని ఇంకోటి తీశారు. లారీని మళ్లీ పైకి తీసుకెళ్లడం, మళ్లీ దూకించడం. మధ్యాహ్నం దాటేసరికి మాడిన వాసన మొదలైంది. ఆ తర్వాతి టేకులో వెనక చక్రాల దగ్గర్నుంచి తెల్లగా పొగ లేచింది.

మైకులో డైరెక్టర్ గొంతు ఆనందంతో వణికింది. "సూపర్! సూపర్! ఆ పొగ ఎవరు వేశారండీ? అద్భుతం! వన్ మోర్, అదే పొగతో వన్ మోర్!"

పొగ మిషన్ నడిపే మనిషి ఒకసారి అటూ ఇటూ చూసి, వినయంగా నమస్కారం పెట్టాడు.

అందరూ పొగ చూశారు. లారీ ఎక్కడ ఆగిందో నరసింహ, నేను మాత్రమే చూశాం. తెల్ల టేపు దాటి బంపరు కెమెరా వైపు వచ్చేసింది. నరసింహ కెమెరాను పట్టుకుని వెనక్కి జరిగాడు.

"ఏందన్నా, జర మార్కు చూస్కో. మీదికొస్తున్నవ్" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ ఆఖరిసారి నేను పెడల్ నేలకు అంటుకునేదాకా తొక్కాను. కింద గట్టిగానే తగిలింది, లారీ మాత్రం జారుతూనే వచ్చింది. ఇంకోసారి అదే వేగంతో వస్తే టేపు దగ్గరే కాదు, నరసింహ దగ్గర కూడా ఆగదు. అతని వెనక తాడు కట్టి ఉంది, తాడు వెనక షూటింగ్ చూడటానికొచ్చిన జనం.

కాగిన డ్రమ్ముల మీద హ్యాండ్ బ్రేకు వెయ్యకూడదు. ఇంజను ఆపి, గేరులో ఉంచి, చక్రాల కింద పెట్టడానికి రాళ్లు తెమ్మని అరిచాను. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ మనిషి పెద్ద బండరాయిని ఒంటి చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. దాన్ని పక్కన పెట్టించి, లోడులోంచి రెండు గ్రానైట్ ముక్కలు దింపించాను.

ప్రసాద్ గారు చెమటలు కక్కుతూ వచ్చారు. "యాదగిరీ, ఏంటి లేటు? లైటు పోతోంది."

"బ్రేకులు కాలినయ్ సార్. సల్లారాలె."

"దానికేం, వాన ట్యాంకరు ఉందిగా. నీళ్లు కొట్టించెయ్!"

కాగి ఉన్న డ్రమ్ము మీద నీళ్లు పడితే అది పగులుతుంది. ఆ మాట చెప్పాను. చెబుతుండగానే ఆయన పైపు పట్టుకున్న మనిషిని చెయ్యెత్తి పిలుస్తున్నారు. అక్కడ మైకులో "రెడీయా?" అంటున్నారు. నరసింహ మళ్లీ మఠం వేసుకుని కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నా లారీ వంక చూస్తున్నాడు. అప్పుడు డేవిడ్ రాజు అన్న గుర్తొచ్చాడు.

"సార్, ఇప్పుడు వర్జ్యం నడుస్తుంది" అన్నాను.

ప్రసాద్ గారి చెయ్యి గాలిలో ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. ఆయన ఆ చెయ్యి జేబులో పెట్టి ఫోన్ తీశారు.

"వర్జ్యం పొద్దున్నే అయిపోయింది కదయ్యా! నేను చూడకుండా కెమెరా ఆన్ చేయిస్తానా?"

మారేడుమిల్లి నాటికి ఫోన్లో పంచాంగం లేదు. డేవిడ్ రాజు అన్న కాలం అదృష్టమైన కాలం. ఇంతలో డైరెక్టర్ తనే నడుచుకుంటూ వచ్చాడు.

"ఏమైంది యాదగిరి గారూ?"

"వర్జ్యం అంటున్నాడు సార్. లేదు. నేను చూశాను" అన్నారు ప్రసాద్ గారు.

డైరెక్టర్ నా ముఖం చూశాడు. తర్వాత లారీ వెనక చక్రం దగ్గరికి వెళ్లి, వంగి, పొగ మొదలైన చోట అరచెయ్యి దగ్గరగా పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. అక్కడి నుంచి తలెత్తి నరసింహ కూర్చున్న చోటు చూశాడు. పైన గొడుగు కింద హీరో, ఆయన పక్కన నిర్మాత కుర్చీల్లోంచి లేచి నిలబడి ఇటే చూస్తున్నారు.

"వర్జ్యం ఉందండీ ప్రసాద్ గారూ" అన్నాడు నెమ్మదిగా. "మా ఇంట్లో వేరే పంచాంగం చూస్తాం. అందులో ఇప్పుడే మొదలైంది."

"అదేంటి సార్..."

"నా సినిమా కదండీ. నా పంచాంగం చూడాలి."

ప్రసాద్ గారు రెండు పంచాంగాలకూ కుదిరే సమయం చూడకపోవడం తన తప్పేనని చెంపలు వేసుకుంటూ నిర్మాత దగ్గరికి పరుగెత్తారు. నిర్మాత మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. హీరో క్యారవాన్ ఎక్కాడు. అందరికీ టీలు వచ్చాయి.

కొందరు డైరెక్టర్లను నేను చాలా తిట్టుకున్నాను. ఈయన్ను తిట్టలేను. బ్రేకులు కాలాయని తను చెప్పినా అక్కడ ఎవరూ ఆగరని ఆయనకు నాకన్నా బాగా తెలుసు. వర్జ్యం దాటాక నా దగ్గరికొచ్చి, "మీరు చిన్న గేరులోనే రండి. వేగం నేను కెమెరాలో తెప్పించుకుంటాను" అన్నాడు. లారీ ఎడ్లబండిలానే దిగింది. సినిమాలో చూస్తే పిడుగులా దిగింది. పొగ మాత్రం మిషన్ మనిషి నిజంగానే వేశాడు, పాపం అది అంత బాగా రాలేదు.

మర్నాడు షెడ్డులో మెకానిక్ చక్రాలు విప్పి, "ఇందుల లైనరు యాడుందన్నా?" అని అడిగాడు. నేను అక్కడి నుంచి లేచి బయటికి పోయి కూర్చున్నాను.

మాకు దక్కే మెచ్చుకోలు

హాల్లో లారీ ఆగినప్పుడు జనం ఈలలు వేశారు. హీరో కాలితో నేలను తన్ని లారీని ఆపుతాడు, దానికి. నాకేం బాధ లేదు. మన పని సరిగ్గా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగని దానికి ఎవరు ఈల వేస్తారు? కొత్తగా వచ్చేవాళ్లు ఇది ముందే తెలుసుకుని రండి. ఆగాల్సిన చోట ఆగండి. బ్రేకులని చెప్పి చూడండి, వినకపోతే వర్జ్యమని చెప్పండి, దానికీ వినకపోతే తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. తిట్లు తినండి.

నాకు ఇప్పటికీ పడుతున్నాయి. నరసింహ, నేను బోరబండలో ఒకే హోటల్లో టీ తాగుతాం. ఆ రోజు బ్రేకుల సంగతి అతనికి నేను చెప్పలేదు. ఆలస్యం మాత్రం అతను మరిచిపోలేదు. మొన్న కూడా హోటలంతా వినేలా మొదలుపెట్టాడు.

"నా బిడ్డ జిందగీల ఒక్కసారి స్టేజెక్కింది. నేను పోయేసరికి పరదా దించిండ్రు. ఈ యాదగిరన్న తెచ్చిండు వర్జ్యం, యాడికెల్లి తెచ్చిండో! నీ వర్జ్యం పాడుగాను, గా డాన్సు మళ్ల చూస్తనా నేను?"

"తప్పయింది తియ్" అని ఇంకో టీ చెప్పాను.

అతను తాగుతూ తిట్టాడు, తాగడం అయ్యాక కూడా తిట్టాడు. అంతలో ఆ బిడ్డే స్కూటర్ మీద వచ్చి, "నాయినా, ఇంకెంతసేపు? ఎక్కు" అంది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. నరసింహ వెనక కూర్చుని, నా వైపు వేలు చూపిస్తూ, "గీ పెద్దమనిషే నీ డాన్సు చూడనియ్యలే" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వి బండి కదిలించింది.

అక్కడి నుంచి రోడ్డు రైల్వే స్టేషన్ వైపు బాగా వాలు. "బ్రేకు పట్టుకునే ఉండకు బిడ్డా, విడిచి విడిచి పట్టు" అని అరిచాను. ఆమె చెయ్యి ఊపింది. వెనక నరసింహ తల తిప్పి ఇంకా ఏదో తిడుతూనే ఉన్నాడు. వాళ్లు మలుపు తిరిగేదాకా నిలబడి విన్నాను.